రెండు మానిటర్లలో ఒక్కటే చూపించే హక్కు

నేను ఇరవై ఏళ్లుగా తెలుగు పుస్తకాలకు డీటీపీ చేస్తున్నాను. హైదరాబాదులో నా బల్ల మీద రెండు మానిటర్లు పక్కపక్కన ఉంటాయి. ఎడమ దాని మీద రచయితలు పంపిన రాతప్రతుల స్కానులు, ఈమెయిలు, వాట్సాప్, ప్రచురణకర్తల నుంచి రావలసిన బాకీల పట్టిక తెరిచి ఉంటాయి. కుడి దాని మీద పేజీ తప్ప మరేదీ ఉండనివ్వను. ఈ ఏర్పాటు ఎవరో చెబితే పెట్టుకున్నది కాదు. రాతప్రతి చూస్తూ పేజీ సరిచూసుకునే పనిలో కంటికీ చేతికీ అలవాటై స్థిరపడినది.

నేను కూర్చే పుస్తకాలకు ప్రూఫులు దిద్దే మాస్టారు తెనాలిలో ఉంటారు. డెబ్బై దాటిన ఆయన దగ్గర 1366×768 పిక్సెళ్ల తెర ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. మొదటి రెండు ప్రూఫులు పీడీఎఫ్‌గా పంపితే ఆయన ప్రింటు తీయించుకొని, ఎర్ర సిరాతో దిద్ది, ఫోటోలు తీసి పంపుతారు. ఆఖరి ప్రూఫు మాత్రం ఇద్దరం ఒకేసారి తెర మీద చూసుకుంటాం. ఎందుకంటే ఆ దశలో ఒక్క మాట మార్చినా వరుస విరిగి, పేరా కింది పేజీకి జారి, అధ్యాయం చివర రెండే వరుసలు కొత్త పేజీ మీద పడే ప్రమాదం ఉంటుంది. ఆ మార్పు కళ్లెదుట జరుగుతుంటే ‘వద్దమ్మాయీ, పాత మాటే ఉంచు’ అని ఆయన అప్పటికప్పుడు చెప్పగలుగుతారు. పోనీ ఫైలు పంపుదామంటే, నేను పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో ‘అను’ అనే ఫాంట్లతో పని చేస్తాను; అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు కనుక, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగు అక్షరాల చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. కాబట్టి నా తెరనే ఆయనకు చూపించాలి.

మొదటిసారి అలా చూపించిన రోజున ఆయన లాప్‌టాప్‌లో నా రెండు మానిటర్లూ కలిసి ఒకే పొడవాటి పట్టీగా కనిపించాయి. నా మానిటర్లు ఒక్కొక్కటి 1920×1080 పిక్సెళ్లవి. రెండూ కలిస్తే 3840×1080. దానిని 1366 పిక్సెళ్ల వెడల్పులో ఇమిడిస్తే బొమ్మ దాదాపు 36 శాతానికి కుదించుకుపోతుంది, ఎత్తు 384 పిక్సెళ్లకు పడిపోతుంది. అంటే ఆయన తెరలో సరిగ్గా సగం నల్లగా ఖాళీగా ఉండిపోగా, మిగిలిన సగంలో నా పేజీకి దక్కినది మళ్లీ సగమే. తెలుగు లిపికి ఇది ఎంత అన్యాయమో పేజీలు కూర్చే వారికి వెంటనే అర్థమవుతుంది. మన అక్షరం మూడు అంతస్తుల్లో ఉంటుంది: పైన తలకట్టో గుడో ఏత్వమో, నడుమ అక్షరం, కింద ఒత్తు. నా తెర మీద గుడి నుంచి ఒత్తు అడుగు దాకా 24 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరానికి ఆ కుదింపులో తొమ్మిది పిక్సెళ్లు కూడా మిగలవు, ఒక్కొక్క అంతస్తుకు మూడు కూడా రావు. ‘అమ్మాయీ, ఇక్కడున్నది అర్థమా, అర్ధమా? ర కింద ఒత్తులో చుక్క ఉందా లేదా నాకు తేలటం లేదు’ అని ఆయన అడిగారు. ఒకటి భావం, రెండోది సగం. ఆ రెంటికీ తేడా రకారం కింద ఉన్న ఒత్తు కడుపులోని ఒకే ఒక్క చుక్క. ప్రూఫులు దిద్దే మనిషికి ఆ చుక్క కనిపించకపోతే మిగతా తెర అంతా కనిపించి లాభం లేదు.

కుడి మానిటర్ ఒక్కటే పంపగలిగితే అదే లాప్‌టాప్ మీద బొమ్మ 71 శాతం పరిమాణంలో, తెర నిండుగా వస్తుంది, 24 పిక్సెళ్ల అక్షరానికి 17 దక్కుతాయి, చుక్క కనిపిస్తుంది. నాకు కావలసినది ఇంతే. ఈ చిన్న కోరిక తీర్చుకోవడానికి నేను తిరిగిన తిరుగుడులో ఒక సంగతి బలంగా తెలిసివచ్చింది: దూరం నుంచి మరొకరి కంప్యూటర్‌ను చూసి నడిపే దూరనియంత్రణ ప్రోగ్రాములు చాలావాటిలో ఏ మానిటర్ చూడాలన్న ఎంపికను చూసేవారి చేతిలో పెడుతున్నారు గాని, చూపించేవారి చేతిలో పెట్టడం లేదు. ఇది సౌకర్యానికి సంబంధించిన చిన్న లోపమని నేను అనుకోవడం లేదు. ఎవరి బల్లో వారికే ఆ ఎంపిక ఉండాలన్నది నా వాదన.

దీని తేడా ఏమిటో నాకు ఒక మధ్యాహ్నం అనుభవంలోకి వచ్చింది. నేను వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే దానిని అమ్మిన సంస్థ సహాయ విభాగానికి ఫోన్ చేశాను. వారు చెప్పిన ప్రోగ్రాము పెట్టుకొని, తొమ్మిది అంకెలు చదివి వినిపించి, ఆ సాఫ్ట్‌వేర్‌ను కుడి మానిటర్ మీదికి లాగి, అవతలి అబ్బాయి చూస్తున్నది అదొక్కటే అనే నమ్మకంతో కూర్చున్నాను. నా ఎడమ మానిటర్ మీద ఇంకా అచ్చుకు వెళ్లని ఒక రచయిత ఆత్మకథ, దాని పక్కన మా అమ్మ స్కానింగ్ రిపోర్టు తెరిచి ఉన్నాయి. అయిదు నిమిషాల తర్వాత ఆ అబ్బాయి ‘మేడమ్, ఆ పక్కన రిపోర్టు ఫైలు, వాట్సాప్ మూసేయండి, నెట్ నెమ్మదిస్తోంది’ అన్నాడు. అతని వైపు తెర పైభాగంలో ఒకటి, రెండు అని అంకెలు ఉంటాయి, వాటి మీద నొక్కితే రెండో మానిటర్ వస్తుంది, నొక్కినట్టు నాకు ఏ సూచనా రాదు. అతను దురుద్దేశంతో నొక్కాడని నేను అనను. నా పని త్వరగా ముగించాలనే చూశాడు. కాని వసారాలో కూర్చోబెట్టిన మనిషి పడకగది తలుపు తానే తీసుకోగలిగితే, ఆయనను వసారాలో కూర్చోబెట్టామని చెప్పుకోవడానికి లేదు. ఆ ఆత్మకథ నాది కాదు, ఆ రిపోర్టులోని శరీరం నాది కాదు. వాటిని ఇతరులు నా మీది నమ్మకంతో నా బల్ల మీద ఉంచారు.

మన దేశంలో ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. 2019 ఫిబ్రవరిలోనే భారతీయ రిజర్వు బ్యాంకు, దూరనియంత్రణ యాప్‌ను ఫోన్లలో పెట్టించి యూపీఐ ద్వారా డబ్బు కాజేస్తున్న మోసం గురించి బ్యాంకులను హెచ్చరించింది. అటువంటి మోసాలకు మానిటర్ ఎంపిక ఒక్కటే మందు కాదు. కాని ఎదుటివారికి ఏది కనిపిస్తున్నదో, ఏది కనిపించడం లేదో చూపించేవారికి స్పష్టంగా తెలియకపోవడం అన్ని మోసాలకూ సాయం చేసే చీకటి, ఆ చీకటిని సాధనాలే తయారు చేయకూడదు.

ఈ లోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దానిని సరిచేయడం కష్టం కాదని కూడా తెలుస్తుంది. దూరం నుంచి తెర చూసే పద్ధతుల్లో బాగా వాడుకలోకి వచ్చిన వీఎన్‌సీ 1990లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. ఒక కంప్యూటర్‌కు ఒకే తెర ఉండడం అప్పటి సాధారణ స్థితి. విండోస్‌లోనే ఒకటి కంటే ఎక్కువ మానిటర్లకు మామూలు వాడకందారుల కోసం చోటు దొరికినది విండోస్ 98తో. అందువల్ల వీఎన్‌సీ ఒప్పందం, అంటే రెండు కంప్యూటర్లు తెరను ఎలా పంపుకోవాలో చెప్పే, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6143 అనే ఇంటర్నెట్ పత్రంగా ప్రచురితమైన ఆర్‌ఎఫ్‌బీ ప్రోటోకాల్, తెరను ఒకే ఒక్క దీర్ఘచతురస్రంగా ఊహిస్తుంది: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, మౌస్ ఉన్న స్థానానికి రెండు సంఖ్యలు. ఆ సంఖ్యలు సున్నా నుంచి పైకే పోతాయి, రుణ సంఖ్యలకు అక్కడ చోటు లేదు. విండోస్ లెక్క వేరు. ప్రధాన మానిటర్ ఎడమ పై మూలను సున్నాగా తీసుకుంటుంది కనుక, నా కుడి మానిటర్‌ను ప్రధానంగా పెడితే ఎడమ మానిటర్ రుణ 1920 దగ్గర మొదలవుతుంది. ఈ రెండు లెక్కలనూ కలిపేందుకు ప్రోగ్రాము అన్ని మానిటర్లనూ చుట్టి ఒక పెద్ద చట్రం గీసి, దానినంతటినీ పంపేస్తుంది. అది ప్రోగ్రాము రాసేవారికి సులువైన దారి. లెక్క సరిగా చూసుకోని చోట మౌస్ ఒక చోట నొక్కితే మరో చోట పడుతుంది. తెర మీది అక్షరాలనూ బొమ్మలనూ పెద్దవి చేసి చూపే స్కేలింగు రెండు మానిటర్లకు వేరువేరుగా, ఒకటి 100 శాతం, మరొకటి 150 శాతంగా ఉంటే ఆ తప్పు ఇంకా పెరుగుతుంది.

కాని ఒక్క మానిటర్‌ను వేరు చేసి పంపడం నేటి కంప్యూటర్లకు చేతకాని పని కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి, తెర బొమ్మను తీసుకునే డెస్క్‌టాప్ డూప్లికేషన్ అనే ఏర్పాటు ఒక్కొక్క మానిటర్‌కు విడివిడిగానే పని చేస్తుంది, ఏ మానిటర్‌లో ఏ భాగం మారిందో కూడా విడిగా చెబుతుంది; అంటే ఆధారం విడివిడిగా ఉన్నదే, కలిపి పంపడమే అదనపు పని. విండోస్‌కు బదులు కొందరు వాడే లినక్స్‌లో ఎక్స్11విఎన్‌సీ అనే పాత ప్రోగ్రాముకు తెరలో ఫలానా ముక్క వరకే కత్తిరించి చూపమని చెప్పే ‘క్లిప్’ అనే ఐచ్ఛికం ఉంది. విండోస్‌లో టైట్‌వీఎన్‌సీ అనే ప్రోగ్రాములో తెరను పంపే భాగమైన సర్వర్‌కు ‘షేర్ డిస్‌ప్లే’ అనే ఆదేశంతో మానిటర్ సంఖ్య ఇస్తే ఆ ఒక్క దానినే పంపుతుంది, చూసేవారి వైపు రెండో మానిటర్‌కు మారే బొత్తామే ఉండదు. నేను చివరికి చేరినది ఇక్కడికే. తెనాలికి ఇప్పుడు నా కుడి మానిటర్ మాత్రమే వెళ్తుంది.

లినక్స్‌లో తెర మీద కిటికీలను చూపే వేలాండ్ అనే కొత్త పద్ధతి ఇంకా మేలైన దారి పట్టింది. అక్కడ ఏ ప్రోగ్రామూ తెరను తనంతట తాను తీసుకోలేదు. పోర్టల్ అనే నడిమి ద్వారం దగ్గర అడగాలి, అప్పుడు ఏ మానిటరో ఎంచుకోమని కంప్యూటర్ ముందున్న మనిషికి పెట్టె కనిపిస్తుంది, ఆ మనిషి ఎంచుకున్న దాని బొమ్మే ఆ ప్రోగ్రాముకు అందుతుంది. దూరం నుంచి వచ్చే మౌస్ స్థానం కూడా అలా ఎంచుకున్న బొమ్మ లోపలి కొలతల్లోనే చెప్పాలి. బ్రౌజర్‌లో జరిగే సమావేశాలకూ ఇటువంటి నియమమే ఉంది: వెబ్‌సైటు తనకు కావలసిన తెరను తాను ఎంచుకోలేదు, ప్రతిసారీ మనిషినే అడగాలి, ఒకసారి ఇచ్చిన అనుమతిని దాచుకొని మరుసటి రోజు వాడుకోకూడదు. ఈ రెండు చోట్లా నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న ముందుగా అడిగి, ఆ తర్వాత సాధనం కట్టారు. నా వాదనకు ఇంతకంటే మంచి ఆధారం నేను చూపలేను.

మానిటర్ ఎందుకు, ఒక్క కిటికీని, అంటే ఆ ఒక్క ప్రోగ్రామునే చూపిస్తే సరిపోతుంది కదా అని నన్ను కొందరు అడిగారు. నా పనికి అది సరిపోదు. పేజ్‌మేకర్‌లో పరికరాల పెట్టె, రంగుల పెట్టె, స్టైళ్ల పెట్టె ప్రధాన కిటికీ మీద తేలుతూ ఉంటాయి. ప్రశ్న అడిగే పెట్టెలు, కిందికి జారే మెనూలు కంప్యూటర్ దృష్టిలో వేరే కిటికీలు. ఒక్క కిటికీనే పంపితే చాలాసార్లు ఇవి ఎదుటివారికి కనిపించవు, నేను ఏదో నొక్కానని మాత్రం వారికి తెలుస్తుంది, ఏం నొక్కానో తెలియదు. పైగా పేజీని పోల్చి చూడడానికి పాత ముద్రణ పీడీఎఫ్‌ను పక్కన తెరిస్తే అది వేరే ప్రోగ్రాము. పని మనిషి మనసులో కిటికీల వారీగా ఉండదు. ఇది పని, అది నా సొంతం అని మనం గీసుకునే గీత రెండు మానిటర్ల నడుమ ఉన్న ఆ నల్లని అంచు మీదుగానే పోతుంది. కంటికి కనిపించే గీత కాబట్టి దానిని మరచిపోము.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. అది మంచి సాధనమే గాని ఈ పనికి ఉద్దేశించినది కాదు. అందులో లెక్కకు వచ్చేవి దూరాన ఉన్న కంప్యూటర్ మానిటర్లు కావు, చూసేవారి మానిటర్లు. మామూలు విండోస్‌లో ఆ దారిన లోపలికి వస్తే నా ముందున్న తెర తాళం పడిపోతుంది. ఇద్దరం కలిసి చూడవలసిన పనికి అది కుదరదు.

బొమ్మను ఒక మానిటర్‌కు పరిమితం చేసినంత మాత్రాన పని పూర్తి కాదన్నది నేను నొక్కి చెప్పదలచిన మరో విషయం, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. తెర పంచుకోవడంలో బొమ్మ, మౌస్, కీబోర్డు అనే మూడు వేర్వేరు ప్రవాహాలు ఉంటాయి. బొమ్మకు హద్దు పెట్టవచ్చు. మౌస్‌కూ ఆ హద్దే పెట్టవచ్చు. కీబోర్డు మాత్రం ఏ మానిటర్‌నూ ఎరగదు. ఏ కిటికీ ముందుకు వచ్చి ఉంటే అక్షరాలు అక్కడికి పోతాయి. మాస్టారు తన వైపు నుంచి ఒక దిద్దుబాటు టైపు చేస్తున్న క్షణంలో నేను ఎడమ మానిటర్ మీద ఉత్తరం చూడడానికి ఒకసారి నొక్కితే, ఆయన టైపు చేస్తున్న అక్షరాలన్నీ నా ఉత్తరంలో వచ్చి పడతాయి, అవి ఎటు పోయాయో ఆయనకు కనిపించదు కూడా. ఇక విండోస్ మీటనూ షిఫ్టునూ పట్టుకొని బాణం మీట నొక్కితే ముందున్న కిటికీ పక్క మానిటర్‌కు ఎగిరిపోతుంది. అందుకే మాస్టారికి నేను చూసే అధికారమే ఇస్తాను, కీబోర్డు ఇవ్వను. మాట ఫోనులో చెబుతారు, మార్పు నేను చేస్తాను. ఇందులో ఆయన మీద అపనమ్మకం లేదు. చూడని చోటికి చేయి చాచే స్థితిలో ఆయనను పెట్టడం మర్యాద కాదని నా అభిప్రాయం.

ఏ మానిటర్‌ను పంచుకోవాలన్నదీ ఆలోచించవలసినదే. విండోస్‌లో ఉత్తరం వచ్చిందనీ, సందేశం వచ్చిందనీ చెప్పే చిన్న పెట్టెలు ప్రధాన మానిటర్ మూలన వస్తాయి. పంచుకునేది ప్రధాన మానిటరే అయితే, మిగతావన్నీ జాగ్రత్తగా పక్కకు సర్దినా, బ్యాంకు ఓటీపీ ఉన్న సందేశం సరిగ్గా అదే సమయంలో ఆ మూలన తేలవచ్చు. నేను ఎడమ దానిని ప్రధానంగా పెట్టి, కుడి దాని మీద టాస్క్‌బార్‌ను కూడా తీసేశాను, ఎందుకంటే తెరిచి ఉన్న ఫైళ్ల పేర్లు టాస్క్‌బార్ మీద కనిపించడం కూడా ఒక్కొక్కసారి చెప్పకూడని సంగతి చెప్పేస్తుంది.

నెట్ వేగం గురించి ఒక మాట. ఒక మానిటర్ తగ్గితే నెట్ ఖర్చు సగం అవుతుందని కొందరు అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఈ ప్రోగ్రాములు తెరలో మారిన భాగాన్నే పంపుతాయి, కదలకుండా ఉన్న మానిటర్‌కు పెద్దగా ఏమీ ఖర్చు కాదు. కాని నా ఎడమ మానిటర్ కదలకుండా ఉండదు. రాతప్రతి స్కాను అంటే కాగితపు మరకలతో సహా ఒక ఫోటో, దానిని పైకీ కిందికీ జరిపిన ప్రతిసారీ తెరంతా మారుతుంది, అటువంటి బొమ్మ తెల్ల కాగితం మీది నల్ల అక్షరాలంత తేలికగా కుదించుకోదు. ఆ బరువు తొలగినప్పటి నుంచి తెనాలిలో పేజీ తిరగడానికి పట్టే ఆలస్యం బాగా తగ్గింది.

ఎంపిక చూసేవారి చేతిలోనే ఉండవలసిన సందర్భాలు ఉన్నాయని నేను ఒప్పుకుంటాను. ఊరికి వెళ్లినప్పుడు నా కంప్యూటర్‌ను నేనే దూరం నుంచి తెరుచుకుంటాను. అప్పుడు బల్ల ముందు ఎవరూ ఉండరు, రెండు మానిటర్లూ నావే, ఒకదాని నుంచి ఒకదానికి మారే బొత్తాము నాకు అవసరం. సహాయ విభాగం వారికీ ఒక్కొక్కసారి రెండూ చూడక తప్పదు. పంచుకోని మానిటర్ మీద ఏదో పెట్టె తెరుచుకొని, చూసేవారికి కనిపించకుండా, ప్రోగ్రాము నిలిచిపోయినట్టు అనిపించే తంటా నేనూ పడ్డాను. అటువంటప్పుడు అతను అడగాలి, నేను సరే అనాలి, సరే అన్న ఆ ఒక్క నొక్కుతో రెండోది తెరుచుకోవాలి. అతను నా రెండో మానిటర్‌కు మారితే ఆ మానిటర్ చుట్టూ ఒక రంగు గీత వెలగాలి. ఇంత అడగడం ఎక్కువని నేను అనుకోను. ఇప్పుడు ఎవరికైనా కంప్యూటర్ అప్పగించవలసి వస్తే, అంకెలు చదవడానికి ముందే ఎడమ మానిటర్‌ను సెట్టింగుల్లో తీసేస్తున్నాను. అప్పుడు దాని మీది కిటికీలన్నీ కుడి దాని మీదికి వచ్చి పడతాయి కనుక వాటిని ముందుగానే ఒక్కొక్కటిగా మూస్తున్నాను. ఆ పని ముగిశాక రాతప్రతి ఏ పేజీలో ఆపానో మళ్లీ వెతుక్కోవాలి. దీనికి ప్రతిసారీ పది నిమిషాలు పోతున్నాయి.

మాస్టారితో మాత్రం ఆ అవసరం లేదు. పోయిన వారం ఒక వ్యాస సంపుటికి ఆఖరి ప్రూఫు చూశాం. ఆయన తెర మీద పేజీ నిండుగా వచ్చింది. ఎడమ మానిటర్ మీద నేను రాతప్రతి తిప్పుకుంటూనే ఉన్నాను. 112వ పేజీలో ఆయన నన్ను ఆపారు: ‘కింది నుంచి నాలుగో వరుస చూడమ్మాయీ, అర్థరాత్రి అని పడింది. అందులో చుక్క తీసెయ్యి.’